31 ప్రశ్నలు, 5 గ్లాసులు: ఏఆర్‌టీ కేంద్రంలో బతుకు బాగోగులు అడిగిన నా అనుభవం

హెచ్‌ఐవీ ఉన్న మనిషికి ఏఆర్‌టీ కేంద్రంలో, అంటే హెచ్‌ఐవీని అదుపులో ఉంచే మందులిచ్చే చోట, ఒక తెల్లకార్డు ఉంటుంది. దాని నిండా అంకెలే. బరువు, సీడీ4 (రోగాన్ని తట్టుకునే కణాల లెక్క), వైరల్ లోడ్ (రక్తంలో వైరస్ ఎంతుందో), మిగిలిన మాత్రల లెక్క. ఆ అంకెలన్నీ బాగున్న మనిషే రాత్రంతా నిద్రలేకుండా, ఊళ్ళో ఎవరికి తెలుస్తుందోనని బెదురుతూ, సేద్యం పనికి ఒళ్ళు సహకరించక ఉండొచ్చు. దానికి కార్డులో గడి లేదు. అనంతపురం జిల్లాలో ఒక కేంద్రంలో కూర్చుని ఆ గడిలో ఉండాల్సిన సంగతులు అడిగాను. ఆ పని ఎట్లా చేయాలో, ఎక్కడ చెడుతుందో ఇక్కడ రాస్తున్నాను. కర్నూలులోనో కడపలోనో ఇదే పని మొదలుపెట్టబోయే నర్సింగ్, సోషల్ వర్క్, కమ్యూనిటీ మెడిసిన్ విద్యార్థులకు పనికొస్తుందని ఆశ.

మన దేశంలో ప్రభుత్వం ఉచితంగా ఏఆర్‌టీ ఇవ్వడం 2004 ఏప్రిల్ 1న మొదలైంది. అప్పట్లో ప్రశ్న ఒక్కటే: మనిషి దక్కుతాడా, లేదా. 2017 నుంచి సీడీ4 ఎంతున్నా సరే, పాజిటివ్ అని తేలితే మందు మొదలుపెడుతున్నారు. ఇప్పుడు ఎక్కువమందికి ఇచ్చేది టీఎల్‌డీ. టెనోఫోవిర్ 300, లామివుడిన్ 300, డోలుటెగ్రావిర్ 50 మిల్లీగ్రాములు కలిసిన ఒకే మాత్ర, రోజుకొకటి. మందు మొదలైన 6 నెలలకు, 12 నెలలకు, ఆపైన ఏడాదికొకసారి వైరల్ లోడ్ చూస్తారు. మాత్ర తప్పని మనిషి దశాబ్దాలపాటు బతుకుతాడు. అన్నేళ్ళూ ఎట్లా బతుకుతున్నాడో రక్తపరీక్షలో కనపడదు, అడిగే తెలుసుకోవాలి.

నేను వాడింది ప్రపంచ ఆరోగ్య సంస్థ తయారుచేసిన డబ్ల్యూహెచ్‌ఓక్యూఓఎల్ హెచ్‌ఐవీ బ్రెఫ్ అనే ప్రశ్నావళి. మొత్తం 31 ప్రశ్నలు. మొదటి రెండూ మొత్తం మీద బతుకు ఎట్లుంది, ఆరోగ్యంతో తృప్తిగా ఉన్నారా అన్నవి. తక్కిన 29 ఆరు విభాగాలు: ఒంటి సంగతి 4, మనసు 5, సొంతంగా పనులు చేసుకోగలగడం 4, మనుషులతో సంబంధాలు 4, చుట్టూ ఉన్న పరిస్థితులు 8, నమ్మకాలూ భయాలూ 4. ప్రతి ప్రశ్నకూ 1 నుంచి 5 దాకా జవాబు. అన్నీ గడిచిన రెండు వారాల గురించే. వాడుకోవడానికి ప్రపంచ ఆరోగ్య సంస్థ అనుమతి, కాలేజీ ఎథిక్స్ కమిటీ అనుమతి, రాష్ట్ర ఎయిడ్స్ నియంత్రణ సంస్థ అనుమతి మూడూ కావాలి. ప్రశ్నలు అడగడం కన్నా ఈ కాగితాలకే ఎక్కువ కాలం పడుతుంది, ముందే మొదలుపెట్టండి.

సమ్మతి పత్రం దగ్గరే మొదటి చిక్కు. చదువురాని మనిషి వేలిముద్ర వేస్తే పక్కన ఒక సాక్షి ఉండాలి. ఎవరు సాక్షి? బయట బెంచీ మీద కూర్చున్న మనిషిని పిలిస్తే, ఈమెకు హెచ్‌ఐవీ ఉందని కొత్తగా ఇంకొకరికి మనమే చెప్పినట్టు. 2018 సెప్టెంబర్ 10 నుంచి అమలులో ఉన్న హెచ్‌ఐవీ చట్టం ప్రకారం మనిషి ఒప్పుకోకుండా ఆ సంగతి బయటపెట్టకూడదు. ఆ మనిషి సంగతి అప్పటికే తెలిసిన కేంద్రం ఉద్యోగి ఎవరైనా, మన పనితో సంబంధం లేనివాళ్ళు, సాక్షిగా ఉంటారా అని ఆమెనే అడిగి పిలవాలి. రెండో చిక్కు, సమ్మతి పత్రం కాపీ. ఇవ్వడం మన బాధ్యతే, కానీ పైన హెచ్‌ఐవీ అని పెద్ద అక్షరాలతో ఉన్న కాగితాన్ని ఎవరూ ఇంటికి తీసుకుపోరు. ఇవ్వజూపాలి, వద్దంటే బలవంతపెట్టకుండా ఫైల్లోనే ఉంచాలి. ప్రశ్నల కాగితం మీద పేరు, ఊరు, ఏఆర్‌టీ నంబరు ఏవీ ఉండవు. ఒక కోడ్ మాత్రమే. కోడ్‌కూ మనిషికీ ముడిపెట్టే పుస్తకం వేరే బీరువాలో ఉండాలి.

ఎప్పుడు అడగాలి అన్నదాని మీద నేను గట్టిగా చెప్పేది ఒకటుంది. మందులు చేతికొచ్చాకే అడగాలి. కిటికీ దగ్గర మాత్రలు తీసుకోకముందు కూర్చోబెడితే, "బాగాలేదంటే మందు మారుస్తారేమో, బాగుందంటే ఆపేస్తారేమో" అన్న అనుమానంతో మనిషి నోరు బిగుస్తుంది. డబ్బా సంచిలో పడ్డాక భుజాలు కిందికి దిగుతాయి. అప్పుడు కూడా ఆకలి సంగతి చూడాలి. కళ్యాణదుర్గం వైపు నుంచో మడకశిర వైపు నుంచో తెల్లవారుజామున బయల్దేరిన మనిషి మధ్యాహ్నం పన్నెండుకు ఇంకా ఏమీ తిని ఉండరు. నీరసం ఎంతుందని ఆ గంటలో అడిగితే ఆకలికి మార్కులు వేసినట్టే. బయట ఉగ్గాని తిని, టీ తాగి రమ్మనాలి. తలుపు వేసుకునే గది కావాలి. బరువు తూచే చోట, ఫార్మసీ క్యూ పక్కన అడిగిన కాగితాలు ఎందుకూ పనికిరావు. నోటితో అడిగితే ఒక్కొక్కరికి అరగంట పడుతుంది, రోజుకు ఆరుగురు దాటితే నా గొంతులోనే విసుగు వినిపించేది.

ఇక గ్లాసులు. "అస్సలు లేదు, కొంచెం, ఒక మాదిరి, బాగా, విపరీతంగా" అని ఐదూ చదివితే ఎక్కువమంది "పర్వాలేదు లే మేడమ్" అంటారు. పర్వాలేదు అన్నది 2 కావచ్చు, 3 కావచ్చు, 4 కూడా కావచ్చు. అందుకని ఒక అట్ట మీద ఐదు స్టీలు గ్లాసుల బొమ్మలు గీశాను: ఖాళీ, పావు, సగం, ముప్పావు, నిండు. వేలు పెట్టి చూపించమంటే క్షణంలో చూపిస్తారు. కానీ దీంతో ఒక తప్పు జరుగుతుంది, మొదటి రోజుల్లో నాకు తెలియలేదు. నిండు గ్లాసు అంటే మన మనసులో మంచిది. "నొప్పి ఎంత ఉంది?" అని అడిగితే, నొప్పి లేని మనిషి "బాగానే ఉంది" అన్న అర్థంతో నిండు గ్లాసు మీద వేలు పెడతాడు. అక్కడికి 5 పడుతుంది, అంటే భరించలేని నొప్పి. కాబట్టి చెడు సంగతి అడిగే ప్రశ్నలన్నిటికీ ఎర్రగీత ఉన్న ఇంకో అట్ట పెట్టాను. చూపించిన ప్రతిసారీ "నిండుగా ఉందంటే నొప్పి ఎక్కువని, ఖాళీ అంటే నొప్పి లేదని" అని నోటితో చెప్పాలి. జవాబు వచ్చాక మళ్ళీ ఒకసారి: "అంటే నొప్పి అసలు లేదంటావు కదా అన్నా?" ఈ ఒక్క వాక్యం చాలా కాగితాలను కాపాడింది.

రెండు వారాలు అన్నది కూడా అట్లాంటిదే. తేదీలతో చెబితే జనం ఆరునెలల కిందటి సంగతి చెబుతారు. "పోయిన అమావాస్య నుంచి" అనో, "వెనకటి రెండు సంతల నుంచి" అనో అంటే కాలం సరిగ్గా దొరుకుతుంది. అడగబోయే ముందు క్యాలెండరు చూసుకుని ఏ గుర్తు దగ్గరగా ఉందో రాసుకుని కూర్చోండి.

ప్రశ్నల్లోకి వస్తే, కొన్ని నేరుగా పోతాయి. నిద్ర, ఓపిక, నడక, ఇల్లు ఎట్లుందన్నవి అడిగితే చాలు. కొన్నింటి దగ్గర ఆగాలి.

ఐదో ప్రశ్న: రోజువారీ పనులు చేసుకోవడానికి మీకు వైద్యం ఎంత అవసరం? మాత్ర మీదే ప్రాణం నిలిచిందని నమ్మే మనిషి ఏమంటాడు? "మందు లేకపోతే నేను లేను కదా మేడమ్" అని నిండు గ్లాసు చూపిస్తాడు. ఇది చెడును అడిగే ప్రశ్న కాబట్టి లెక్కలో అది తిరగబడి 1 అవుతుంది. రోజూ పొలంలో పని చేసుకుంటున్న గట్టి మనిషికి కూడా సొంతంగా బతకగలగడం అన్న విభాగంలో మార్కు పడిపోతుంది. అక్కడ వివరించి జవాబు మార్పించకూడదు. చెప్పింది రాసి, అంచులో "మాత్ర గురించి అన్నారు" అని గుర్తు పెట్టుకోవాలి. ఆ విభాగం తక్కువ వచ్చిందని రిపోర్టు రాసేటప్పుడు ఈ అంచు రాతలు చూడకపోతే, జనం మంచాన పడి ఉన్నారనే అర్థం వస్తుంది.

ఎనిమిదో ప్రశ్న అన్నిటికన్నా మోసం చేసేది. మీకు ఈ జబ్బు ఉందని ఎవరైనా మిమ్మల్ని తప్పు పడితే అది ఎంత బాధపెడుతోంది? "ఎవరికి తెలుసని తప్పు పడతారు?" అని ఖాళీ గ్లాసు చూపిస్తారు. అంటే కాగితం మీద అన్నిటికన్నా మంచి మార్కు. పదిహేడో ప్రశ్న, తెలిసినవాళ్ళు మిమ్మల్ని కలుపుకుంటున్నారా అన్నదానికీ నిండు గ్లాసే. నిజానికి ఆ మనిషి అత్తగారికి తెలియకుండా, కొడుక్కి తెలియకుండా, మాత్రల డబ్బా చప్పుడు కాకుండా బతుకుతున్నాడు. 30 మాత్రల ప్లాస్టిక్ డబ్బా బస్సు కుదుపుకు గలగలమంటుంది. ఆ చప్పుడు వినపడకూడదని చాలామంది కేంద్రం బయటే డబ్బా మూత తీసి, మాత్రలు కాగితంలో పొట్లం కట్టి, డబ్బా మీది లేబుల్ గోటితో గీకేసి పారేస్తారు. డబ్బాలో తేమ పీల్చే చిన్న పొట్లం ఉంటుంది, అది లేకపోతే మాత్రలు తేమకు చెడిపోతాయి. మాత్రలు డబ్బాలోనే ఉంచి, డబ్బాను గుడ్డలో చుట్టుకుంటే చప్పుడు తగ్గుతుందని చెబితే వెంటనే అర్థమవుతుంది. ఈ సంగతంతా ఎనిమిదో ప్రశ్న జవాబులో లేదు. అందుకే నేను కాగితం చివర సొంతంగా ఒక గడి గీసుకున్నాను: ఇంట్లో ఎవరెవరికి తెలుసు? దాచుకున్నవాళ్ళ కాగితాలూ, చెప్పుకున్నవాళ్ళ కాగితాలూ వేరువేరుగా పెట్టి చూడకుండా ఈ రెండు ప్రశ్నల సగటు వేస్తే, దాచుకోవడమే సుఖమని లెక్క తేలుతుంది. దాని మీద రాసే ఏ సిఫారసైనా తప్పుదారి పట్టిస్తుంది.

ఒంటి తీరు గురించిన పదిహేనో ప్రశ్నకు మందుల చరిత్ర తెలిసి ఉండాలి. మొదటి రోజుల్లో స్టావుడిన్ వాడినవాళ్ళలో కొందరికి బుగ్గల్లో కొవ్వు కరిగి ముఖం లోపలికి పోయింది. ఆ మందు ఎప్పుడో ఆపేశారు, పోయిన బుగ్గలు మాత్రం పూర్తిగా తిరిగి రాలేదు. వైరల్ లోడ్ కనబడని స్థాయిలో ఉన్నా ఆ ముఖాన్ని చూసి ఊరు గుర్తుపడుతుందన్న భయం పోదు. వాళ్ళు అద్దం మాట ఎత్తితే తొందరపడి ఇంకో ప్రశ్నకు పోకండి. అదే మందు వల్ల, వైరస్ వల్ల కూడా, అరికాళ్ళ మంటలు, తిమ్మిర్లు మిగిలినవాళ్ళున్నారు. నొప్పి ఉందా అంటే లేదంటారు. "రాత్రిపూట కాళ్ళు మండుతాయా?" అంటే అప్పుడు చెబుతారు. ప్రశ్నలోని మాటలు మార్చకూడదు కాబట్టి, అసలు ప్రశ్నకు జవాబు రాసుకున్నాక, అన్నీ అయిపోయిన తర్వాతే ఇది అడగాలి.

సంసారం గురించిన ప్రశ్నకు "లైంగిక జీవితం" అంటే ముఖం అటు తిప్పుకుంటారు. "సంసార సుఖం" అంటే అర్థమవుతుంది, నొచ్చుకోరు. ఆడవాళ్ళను ఆడవాళ్ళు, మగవాళ్ళను మగవాళ్ళు అడిగితేనే మేలు. భర్త పోయినామెలు "ఆ మాట నాకెందుకు తల్లీ" అంటారు. అప్పుడు మధ్యలో ఉందని 3 వేయడం పెద్ద తప్పు. ఖాళీగా వదిలి, ఆ విభాగంలో మిగిలిన ప్రశ్నల సగటే తీసుకోవాలి. భార్యాభర్తలు ఉండి కూడా ఏళ్ళుగా దూరంగా పడుకుంటున్నవాళ్ళు కొందరు ఈ ప్రశ్న దగ్గరే బయటపడతారు. వైరల్ లోడ్ కనబడని స్థాయిలో నిలిచి ఉంటే సంసారం వల్ల భాగస్వామికి హెచ్‌ఐవీ సోకదు. ఈ మాట వాళ్ళకు ఎవరూ అరటిపండు ఒలిచినట్టు చెప్పి ఉండరు. చెప్పాల్సిందే, కానీ 31 అయ్యాక. మధ్యలో చెబితే తర్వాతి జవాబులన్నీ ఆ సంతోషంలో మారిపోతాయి.

డబ్బు, ప్రయాణం ప్రశ్నల వెనుక ఈ జిల్లా అంతా కనిపిస్తుంది. వానలు లేక శెనక్కాయ పంట పోయిన ఏడు, బెంగళూరుకు వలసపోయిన కుటుంబం మందుల కోసం నెలకొకసారి రావడమంటే రెండు రోజుల కూలి పోయినట్టే. ఆడవాళ్ళకు 2025 ఆగస్టు 15 నుంచి పల్లెవెలుగు, ఎక్స్‌ప్రెస్ బస్సుల్లో టికెట్ లేదు, ఆమేరకు భారం తగ్గింది. మగవాళ్ళకు ఆ ఖర్చు ఉంది, కూలి నష్టం ఇద్దరికీ ఉంది. నిలకడగా ఉన్నవాళ్ళకు మూడు నెలల మాత్రలు ఒకేసారి ఇవ్వొచ్చు. ప్రయాణం దగ్గర పావు గ్లాసు చూపించిన మనిషి కార్డు తీసి, అందుకు అర్హత ఉందేమో చూడమని డాక్టరుకు చెప్పడం ఆ రోజే చేయగల పని. ఏఆర్‌టీ వాడేవాళ్ళకు పింఛను 2024 జూలై నుంచి నెలకు రూ.4,000. ఒకటో తారీఖున సచివాలయం సిబ్బంది ఇంటికే తెచ్చిస్తారు. నడవలేని ముసలివాళ్ళకు అది మేలు. వయసులో ఉన్న మనిషి గడపకు పింఛను వస్తే మాత్రం "నీకేం పింఛను?" అని పక్కింటివాళ్ళు అడుగుతారు. ఆ ఒక్క మాటకు భయపడి పింఛనే వద్దనుకునేవాళ్ళున్నారు. డబ్బు ప్రశ్నకు తక్కువ వేసినప్పుడు పింఛను వస్తోందా అని కాదు, వస్తే తీసుకుంటున్నారా అని అడగాలి.

నిద్ర లేదన్న జవాబుకు కూడా వెంటనే చూడదగ్గ కారణం ఉంటుంది. డోలుటెగ్రావిర్ కొందరికి నిద్ర పట్టనివ్వదు. పాత మందు రాత్రి వేసుకున్న అలవాటుతో టీఎల్‌డీ కూడా రాత్రే వేసుకుంటూ ఉంటారు. పొద్దుటికి మార్చుకోవచ్చేమో డాక్టరును అడగమనాలి. ఇంకొకటి, నీరసమని మెడికల్ షాపులో ఐరన్, కాల్షియం మాత్రలు, గ్యాస్ అని అల్యూమినియం, మెగ్నీషియం ఉండే సిరప్పు కొనుక్కుని అన్నీ కలిపి పరగడుపున మింగేవాళ్ళు. అవి డోలుటెగ్రావిర్‌ను ఒంటికి పట్టనివ్వవు. టీఎల్‌డీ వేసుకున్న 2 గంటల తర్వాత అవి, లేదంటే అవి వేసుకున్న 6 గంటలకు టీఎల్‌డీ.

లెక్క వేయడం సులువే, తప్పు చేయడమూ సులువే. 3, 4, 5, 8, 9, 10, 31 ప్రశ్నలు చెడును అడిగేవి. వీటి జవాబును 6 లోంచి తీసేసి తిరగెయ్యాలి. తర్వాత విభాగంలోని ప్రశ్నల సగటును 4తో గుణిస్తే 4 నుంచి 20 మధ్య ఒక అంకె వస్తుంది. ఒంటి విభాగంలో ఒకరికి నొప్పి 5, జబ్బు లక్షణాలు 4, ఓపిక 2, నిద్ర 2 వచ్చాయనుకోండి. తిరగేస్తే 1, 2, 2, 2. సగటు 1.75, మార్కు 7. తిరగేయడం మరిచిపోతే సగటు 3.25, మార్కు 13. రెండు గడులు తిరగేయడం మరిచిపోవడం వల్ల మంచాన ఉన్న మనిషి ఓ మాదిరి మనిషైపోతాడు. కంప్యూటరులో ఎక్కించేటప్పుడు చెప్పిన జవాబు ఒక నిలువు వరుసలో, తిరగేసినది పక్క వరుసలో పెట్టండి. అసలు అంకెను చెరిపి దాని మీదే దిద్దితే, తిరగేశామో లేదో మర్నాడు మనకే తెలియదు, రెండోసారి తిరగేస్తాం.

ఆ మనిషికి హెచ్‌ఐవీ ఎట్లా వచ్చిందనుకుంటున్నారన్న ప్రశ్న సొంత వివరాల పేజీలో ఉంటుంది. ముందే అడిగితే మిగతా అరగంట పోలీసు విచారణలా మారిపోతుంది. నేను దాన్ని ఆఖరుకు జరిపాను, అందరినీ అదే వరుసలో అడిగాను. చెప్పను అన్నా ఒక జవాబే.

ముప్పై ఒకటో ప్రశ్న దిగులు, నిరాశ, ఆందోళన ఎంత తరచుగా వస్తాయన్నది. అనంతపురం మనిషికి "బేజారు" అంటే చాలు. దీనికి "ఎప్పుడూ" అన్న జవాబు వస్తే కాగితం పక్కన పెట్టేయాలి. "బతుకు మీద విరక్తి పుట్టిందా, ఏమన్నా చేసుకోవాలనిపించిందా?" అని సూటిగా అడగాలి. అడిగితే ఆ ఆలోచన పుట్టదు, ఉంటే బయటికొస్తుంది. అవునంటే ఒంటరిగా బస్టాండుకు పంపకూడదు. కౌన్సిలరును లోపలికి పిలిచి, అదే రోజు మానసిక వైద్యుడి దగ్గరకు మనమే వెంట తీసుకుపోవాలి. రాత్రిళ్ళు మాట్లాడటానికి టెలిమానస్ 14416, హెచ్‌ఐవీ సందేహాలకు 1097, రెండూ ఉచితం. ఆ నంబర్లు చీటీ మీద ఊరికే అంకెలుగా రాసివ్వాలి, ఎవరివో రాయకూడదు. ఆ చీటీ ఇంట్లో ఎవరి చేతికైనా చిక్కొచ్చు.

ఆరు నెలల తర్వాత అదే మనిషిని మళ్ళీ అడిగేటప్పుడు అదే గది, అవే గ్లాసులు, మందులు చేతికొచ్చిన తర్వాతి అదే గంట ఉండాలి. పోయినసారి కాగితం బల్ల మీద ఉండకూడదు. కంటపడితే "అప్పుడేం చూపించాను మేడమ్?" అని అడిగి, దాని మీదే మళ్ళీ వేలు పెడతారు.